త్రాసులో నత్తగుల్ల

మా కూచిపూడి చుట్టుపట్ల సార్వా కోతలు అయిపోయాక, మినుము చల్లకుండా వదిలేసిన మడుల్లోకి బాతుల మందలు దిగుతాయి. రాలిన గింజలూ, బురదలోని నత్తలూ వాటి తిండి. బాతుల వాళ్ళు గట్టున కర్ర పుచ్చుకుని నిలబడి వుంటారు. మందకు కాస్త ఎడంగా నత్తగుల్ల కొంగలు కూడా ఆ పనే చేస్తుంటాయి. ముక్కు రెండు దవడల మధ్యా కొద్దిపాటి సందుండే పక్షి అది, చిప్పలోంచి నత్తను లాగడంలో దాన్ని మించింది లేదు. ఒకే మడిలో పుట్టిన రెండు నత్తల్లో ఒకటి బాతు కడుపులోకీ, ఒకటి కొంగ కడుపులోకీ పోతుంది. బాతు గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు మన ఇంటికి వస్తుంది. కొంగ మన ఇంటికేమీ పంపదు.

ఆ మడి నీటిలో వుండకూడనిది ఏదైనా వుందనుకుందాం. బాతు తిన్న నత్తను గురించి మనం ఆరా తీస్తాం. కొంగ తిన్న నత్తను గురించి ఆరా తీయవలసిన బాధ్యత ఎవరికైనా వుందా? వుంటే ఎందుకుంది? నేను తర్కించదలచుకున్న ప్రశ్న ఇదే. సాహిత్యం పాఠం చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని కొందరికి తోచవచ్చు. కొలవడం శాస్త్రజ్ఞుడి పనే. కాని దేన్ని కొలవాలి, ఎవరి కోసం కొలవాలి అన్నది సమాజం తేల్చవలసిన సంగతి. అక్కడ మనకూ నోరుంది.

వుండకూడనిది అన్నమాట ఊరికే అనలేదు. నాగార్జునసాగర్ జలాశయం చేరువలో, నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు గ్రామాల దగ్గర భూమిలో యురేనియం వుంది. దాన్ని తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ముందుకు వచ్చింది. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు జనం గట్టిగా అడ్డు చెప్పారు. ఆ గనులు రాలేదు. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం అన్వేషణ సంగతి బయటికి రాగానే నల్లమల చెంచుల దగ్గర నుంచి హైదరాబాదు రచయితల దాకా ఎదురు తిరిగారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. సాగర్ నీళ్ళు పులిచింతల మీదుగా ప్రకాశం బ్యారేజీకి వస్తాయి. అక్కడ కాలువల్లో పడి మా మడుల్లోకి వస్తాయి. (2015 నుంచి పట్టిసీమ మీదుగా గోదావరి నీళ్ళూ వచ్చి కలుస్తున్నాయి, అది వేరే కథ.) సాగర్ నీళ్ళు చెడ్డాయని నేననడం లేదు; గనే లేనప్పుడు చెడే ప్రసక్తి లేదు. అయితే ఎగువన ఎవరో తీసుకునే నిర్ణయానికి దిగువన పొలం వున్నవాడూ, ఆ పొలంలో బతికే పురుగూ ఒకే కాలువకు కట్టుబడి వున్నారన్నది మాత్రం నిజం.

ఇక కొలత సంగతి. రేడియోధార్మిక పదార్థం పరిసరాల నుంచి ప్రాణి ఒంట్లోకి ఏ మేరకు చేరిందో చెప్పడానికి శాస్త్రజ్ఞులు వాడే లెక్క చాలా సాదా లెక్క. నీటిలో లీటరుకు ఎంత వుందో చూస్తారు. ఆ నీటిలో బతికిన ప్రాణి పచ్చి బరువులో కిలోకు ఎంత వుందో చూస్తారు. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తారు. దీనికి గాఢతా నిష్పత్తి అని పేరు. నేల మీద బతికే ప్రాణి అయితే నీటికి బదులు ఎండబెట్టిన మట్టి. ఎంత వుందన్నది బెకరల్ లెక్కలో చెపుతారు. సెకనుకు ఒక పరమాణు కేంద్రకం విచ్ఛిన్నమైతే అది ఒక బెకరల్. మాటవరసకు, నీటిలో లీటరుకు 0.01 బెకరల్ రేడియం వుండి, నత్తలో కిలోకు 10 బెకరల్ కనబడితే నిష్పత్తి వెయ్యి. ఆ వెయ్యి అనే అంకె వెనుక చాలా చాకిరీ వుంది. నత్తల్ని ఏరాలి, కడగాలి, తూచాలి, ఆరబెట్టాలి, కొలిమిలో బూడిద చెయ్యాలి, ఆ బూడిదను సీసపు గోడల మధ్య వున్న పరికరంలో పెట్టి గంటల తరబడి, ఒక్కొక్కసారి రోజు దాటి, లెక్కపెట్టాలి.

నత్తలోకి అంత ఎందుకు చేరుతుంది? రేడియం, కాల్షియం ఒకే కుటుంబానికి చెందిన మూలకాలు. చిప్ప కట్టుకోవడానికి నత్త నీటిలోని కాల్షియాన్ని పోగుచేసుకుంటుంది. దానితో పాటు రేడియాన్నీ లోపలికి రానిస్తుంది. మన ఎముకలూ ఈ పొరపాటే చేస్తాయి. స్ట్రాన్షియం కూడా ఇలాగే వేషం మార్చుకుని వస్తుంది. సీజియం పొటాషియం వేషంలో వచ్చి కండలోకి పోతుంది. నీటిలో పొటాషియం ఎక్కువగా వుంటే చేప సీజియాన్ని తక్కువ తీసుకుంటుంది. బంకమన్ను సీజియాన్ని పట్టి వుంచుతుంది. ఇసుక నేలా, ఆకుకుళ్ళు నేలా అంతగా పట్టి వుంచలేవు, మొక్కకు వదిలేస్తాయి. అంటే ఒకే విషం, ఒకే మోతాదు, మా నల్లరేగడిలో ఒక విధంగానూ, హంసలదీవి ఇసుకలో మరొక విధంగానూ ప్రవర్తిస్తుంది. కనుక ఈ నిష్పత్తి ఏ ప్రాణికీ శాశ్వతమైన గుణం కాదు. ఆ నీటికీ, ఆ మట్టికీ, ఆ ప్రాణికీ మధ్య వున్న సంబంధం అది. సంబంధాన్ని వస్తువుగా పొరబడటం మన విమర్శకులకు కొత్తగా చెప్పవలసిన దోషం కాదు.

ఇప్పుడు చరిత్ర చూడాలి, ఎందుకంటే ఈ కొలత పుట్టుకలోనే దాని నీతి వుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా హాన్‌ఫర్డ్‌లో ప్లుటోనియం తయారుచేసింది. అక్కడి రియాక్టర్లను కొలంబియా నది నీటితో చల్లార్చి, ఆ నీటిని మళ్ళీ నదిలోకే వదిలేవారు. ఆ నదిలో సాల్మన్ చేపలు పెద్ద వ్యాపారం. కనుక చేపల్ని పరీక్షించారు. నీటిలో అతి స్వల్పంగా వున్న రేడియోధార్మిక భాస్వరం నది ప్రాణుల్లో వేల రెట్లు పేరుకున్నదని తెలుసుకున్నారు. 1954 మార్చి 1న బికినీ దీవిలో అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ బూడిద ఫుకుర్యూ మారు అనే జపాను చేపల పడవ మీద పడింది. పడవలో 23 మంది వున్నారు. రేడియో ఆపరేటర్ కుబొయామా ఆ సెప్టెంబరులో చనిపోయాడు. జపాను రేవుల్లో ట్యూనా చేపల్ని గైగర్ గొట్టంతో పరీక్షించి, గీత దాటినవాటిని పారబోశారు. అక్కడా ఇక్కడా కొలిచినది చేపనే. కాని చేపకు ఏమవుతుందన్న ప్రశ్న వెనకపడి, చేపను తినేవాడికి ఏమవుతుందన్న ప్రశ్న ముందు నిలిచింది. అది వంటింటి లెక్క.

వంటింటి లెక్క తప్పని నేననను. కుబొయామా చావు చూసిన జపాను గృహిణికి ఆ లెక్క ప్రాణావసరం. కాని అదే లెక్క తరువాత ఒక సిద్ధాంతమై కూర్చున్నది. మనిషిని కాపాడటానికి పెట్టుకున్న హద్దులు తక్కిన ప్రాణి జాతుల్ని కాపాడటానికీ చాలునని అంతర్జాతీయ రేడియోధార్మిక రక్షణ సంఘం 1977లో చెప్పింది, 1990లోనూ ఇంచుమించు అదే అన్నది. ఒకటీ అరా ప్రాణి దెబ్బతిన్నా జాతికి ముప్పులేదని దాని భావం. పైకి వినయంగా కనిపించే ఈ మాటలో పెద్ద అహంకారం వుంది. మనిషి నిలబడిన చోటే ప్రతి ప్రాణీ నిలబడి వుంటుందని దాని ఊహ.

ఆ ఊహను చెర్నోబిల్ బద్దలు కొట్టింది. 1986లో రియాక్టరు పేలిన తరువాత చుట్టూ వున్న జనాన్ని ఖాళీ చేయించారు. జనం లేరు కనుక జనానికి ప్రమాదం లేదు. లెక్క ప్రకారం అక్కడ అంతా క్షేమం! అడవిలోని ఎలుకకూ, తోడేలుకూ, పుట్టగొడుగుకూ బస్సులు పెట్టినవారు లేరు. తప్పుకు దిద్దుబాటు ఆలస్యంగా వచ్చింది. 2007లో ఆ సంఘం పరిసరాల రక్షణను ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోవాలని ఒప్పుకున్నది. 2008లో లెక్కకు ఆధారంగా పన్నెండు ప్రాణుల్నీ మొక్కల్నీ ఎంచింది. జింక, ఎలుక, బాతు, కప్ప, ట్రౌట్ చేప, బల్లపరుపు చేప, తేనెటీగ, పీత, వానపాము, పైన్ చెట్టు, అడవి గడ్డి, గోధుమరంగు సముద్రపు నాచు. ఇది చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, సంతోషమూ కలిగింది. ఎలుక, బాతు, కప్ప, పీత, వానపాము, తేనెటీగ మా వూరి పొలం గట్టున నిలబడి పిలిస్తే పలికేవే. నత్త మాత్రం లేదు. రొయ్యా లేదు.

ఇక్కడ నా మిత్రులు ఒక అభ్యంతరం చెపుతారు, దాన్ని తేలిగ్గా తోసెయ్యలేను. మనం మనిషి పక్షాన నిలబడ్డవాళ్ళం. కూలికి కూడు లేని దేశంలో కొంగ ఒంట్లోని బెకరల్‌లు లెక్కపెట్టడం కడుపు నిండినవాడి వేదాంతం కాదా? పుష్పవిలాపం విని కళ్ళు తుడుచుకున్న చేతితోనే పాలేరుకు గింజలు కొలిచేటప్పుడు కుంచం తగ్గించే పెద్దమనుషుల్ని మనం ఎరగమా? ఎరుగుదుం. ఆ జాలి నాకూ అక్కరలేదు. అయితే ఈ అభ్యంతరం మనుషుల్నంతా ఒక పక్కా, అడవి ప్రాణుల్నంతా ఒక పక్కా పెడుతోంది. ఆ గీత ఎక్కడ గీశారు? ఎవరు గీశారు?

మా దివిసీమలోనూ, ఈ లంకల్లోనూ వరి కోతల వేళ యానాదులు ఎలుకబుట్టలు పెడతారు. కన్నంలోకి కుండతో పొగ వూది ఎలుకల్ని పడతారు. రైతు ఎలుకకు ఇంతని కూలి ఇస్తాడు. ఎలుక వాళ్ళ కూరలోకి పోతుంది. చేపలో, నత్తో, పీతో, ఏ కాలానికి ఏది దొరికితే అది. నల్లమల చెంచుల తిండిలో తేనె వుంది, అడవి గడ్డలున్నాయి, ఇప్పపువ్వు వుంది. అంతర్జాతీయ పట్టికలో ‘అడవి ప్రాణి’ అయిన ఎలుక యానాది ఇంట్లో తిండి. పట్టికలో తేనెటీగ వున్నది తేనెటీగ క్షేమం కోసం. ఆ తేనె చెంచు పిల్లవాడి నోట్లోకి పోతుంది. ప్రభుత్వ లెక్కల్లోని సగటు మనిషి బియ్యం, పప్పు, పాలు, కూరగాయలు తింటాడు. అంటే బజారులో కొనుక్కు తింటాడు. బజారుకు రానిదంతా ఆ లెక్కకు ప్రకృతి. మనిషికీ అడవికీ మధ్య గీత అనుకున్నది తీరా చూస్తే కొనుక్కునే వాడికీ ఏరుకునే వాడికీ మధ్య గీత. కొంగను కొలవకుండా వదిలేసినవాడు యానాదిని కూడా ఆ మడిలోనే వదిలేశాడు.

ఇది నా కల్పన కాదనడానికి నార్వే ఉదాహరణ చాలు. చెర్నోబిల్ ధూళి వానతో కలిసి అక్కడి కొండల మీద పడింది. అక్కడ నేల మీద పెరిగే లైకెన్‌కు వేరు లేదు, గాలి నుంచీ వాన నుంచీ తిండి లాక్కుంటుంది. రెయిన్‌డీర్ చలికాలమంతా దాన్నే మేస్తుంది. మాంసంలో సీజియం పెరిగిపోయింది. అమ్మకానికి వుండవలసిన హద్దు కిలోకు 600 బెకరల్. ఆ హద్దు నిలబెడితే రెయిన్‌డీర్ కాపరులైన సామీ జాతి బతుకే పోతుంది. అందుచేత 1986లోనే ఆ ప్రభుత్వం రెయిన్‌డీర్ మాంసానికి హద్దును 6000కు పెంచింది. 1994లో 3000కు దించింది. సగటు నార్వే పౌరుడు ఆ మాంసం ఏడాదికి ఏ కొద్దిసార్లో తింటాడు, అతనికి భయం లేదు. రోజూ తినేది సామీ వాడు. అతనికి తిండి తగ్గించుకోమని సలహాలిచ్చారు. ఆ ప్రభుత్వాన్ని దుర్మార్గమని నేననను. నిజానికి కాపరుల ఉపాధిని కాపాడటానికే ఆ పని చేసింది. పరికరంలోనూ తప్పు లేదు, అంకెలోనూ తప్పు లేదు. అయినా సగటు అనే మాట చాటున ఒక జాతి ఉపాధినీ ఆరోగ్యాన్నీ ఒకదానితో ఒకటి బేరం పెట్టవలసి వచ్చింది.

సగటు గురించి ఇంకొక మాట. 2014లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అడవి ప్రాణుల గాఢతా నిష్పత్తుల్ని ఒక పెద్ద పట్టికగా ప్రకటించింది. ఎంతో శ్రమపడి కూర్చిన పట్టిక, విలువైనది. అందులో ఒకే మూలకానికి, ఒకే రకం ప్రాణికి దొరికిన అంకెలు వందల రెట్ల తేడాతో కూడా వుంటాయి. కొలతల్లో ఎక్కువ భాగం చలి దేశాల నుంచి వచ్చినవి. మా కాలువ గట్టున రేపు ఎవరైనా ప్రమాదం అంచనా వేస్తే, స్థానికంగా కొలవకపోతే, ఆ పట్టికలోని సగటు తెచ్చి అతికిస్తారు. ఎక్కడి సరస్సులోని నత్తో మా నత్త తరఫున సాక్ష్యం చెపుతుంది.

శిబి చక్రవర్తి కథ భారతం ఆరణ్యపర్వంలో మనమంతా చదివినదే. దాన్ని త్యాగం కథగా పిల్లలకు చెపుతాం. ఈ మధ్య పాఠం చెపుతూ వుంటే నాకు అది కొలత కథగా కనిపించింది. డేగ అబద్ధమాడలేదు, దానికి ఆకలి వుంది, పావురం దాని తిండి. కరెంటు కావాలనే పరిశ్రమ మాటా అలాంటిదే, అదీ ఆకలే, దాన్ని రాక్షసుణ్ణి చేయడం వల్ల వాదన తేలదు. శిబి చేసినది ఏమిటంటే పావురాన్ని ఒక తట్టలో పెట్టి రెండో తట్టలో తన ఒంటి మాంసం పెట్టాడు. పావురం బరువు పెరుగుతూ పోయింది. చివరికి తానే ఎక్కి కూర్చున్నాడు. మన పద్ధతిలో పావురాన్ని తూచి, అది మన విస్తట్లోకి వచ్చేది కాదని తేల్చుకుని, త్రాసు దింపేస్తాం. రెండో తట్టలో ఏమీ పెట్టం. కొలిచేవాడు కొలతకు కట్టుబడినప్పుడే, అంకె ఇంత దాటితే నేను ఈ పని ఆపుతానని ముందే ఒప్పుకున్నప్పుడే, ఆ త్రాసుకు రెండు తట్టలుంటాయి.

కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం మిల్లు నడిచింది. ముడిరాయి నుంచి యురేనియం తీసుకున్న తరువాత మిగిలే వ్యర్థంలో అసలు రేడియోధార్మికతలో ఎనభై శాతానికి పైగా అలాగే వుంటుంది. రేడియం అందులోనే వుంటుంది. రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్ళు కావాలి. ఇక్ష్వాకులు విజయపురిలో రాజ్యం చేసిన రోజుల్లో ఎవరైనా అక్కడ రేడియం పారబోసి వుంటే, సాగర్ అడుగున అది ఈనాటికీ దాదాపు సగం మిగిలి వుండేది. వ్యర్థాల చెరువు పక్కన కొట్టాల రైతులు బోరు నీళ్ళు చెడిపోయాయనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఫిర్యాదు చేశారు. సంస్థ అది తన వల్ల కాదన్నది. ఈ తగాదాలో తీర్పు చెప్పడానికి నేను సరిపోను. కాని ఇలాంటి ప్రతి తగాదాలోనూ ఒక మాట తప్పకుండా వినబడుతుంది: ఇది ప్రకృతిసిద్ధంగా వున్నదే.

ఆ మాట నిజమూ కావచ్చు, మోసమూ కావచ్చు. యురేనియం ప్రతి మట్టిలోనూ కొంత వుంది. మన తీరపు ఇసుకలో థోరియం వున్న మోనజైట్ వుంది. మా రైతులు వేసే ఫాస్ఫేటు ఎరువు రాయిలో యురేనియం వుంటుంది. ఇబ్రహీంపట్నంలో కాల్చే బొగ్గులో స్వల్పంగా వున్నది బూడిదలో కొన్ని రెట్లు చిక్కపడుతుంది. అంటే గని లేని మా మడిలోని నత్తలో కూడా సున్నా వుండదు. ఎంత వుంది? గని రాకముందు, కర్మాగారం రాకముందు, నీటిలోనూ మట్టిలోనూ మాత్రమే కాదు, నత్తలోనూ కొంగ ఈకలోనూ మడ అడవి పీతలోనూ ఎంత వుందో కొలిచి రాసి, ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించి వుంటేనే ‘ప్రకృతిసిద్ధం’ అన్న మాటను ఎవరైనా పరీక్షించగలరు. ముందటి కొలత లేని చోట తరువాతి కొలత వకీలు చేతి కాగితం అవుతుంది. అందువల్ల ప్రాజెక్టు వచ్చాక కొలతకు పోరాడటం కన్నా రాకముందే కొలత అడగడం మేలు. కొలత కోసం కొన్ని ప్రాణుల్ని చంపక తప్పదు. ఒక బావురుపిల్లిని రక్షించే పేరుతో ఇంకొక బావురుపిల్లిని బూడిద చెయ్యనక్కరలేదు గాని, నత్తకు ఆ మినహాయింపు లేదు. ఇందులో వున్న అన్యాయం నాకు తెలుసు. దాన్ని ఏ వాదంతోనూ కడిగెయ్యలేకపోయాను.

ఈ వ్యాసం రాస్తూ వుండగా మా పొలాల వైపు ఎలుకబుట్టలు తెచ్చిన ఒకాయనను, ఏడాదికి ఎన్ని ఎలుకలు తింటారని అడిగాను. ఆయన నవ్వాడు.

“పట్టిన లెక్కయితే రైతు అడుగుతాడు మేష్టారూ, కూలి ఇవ్వాలిగా. తిన్న లెక్క ఎవరడిగారు?”

అయినా గట్టు మీద కూర్చుని చెప్పాడు. కోతల రోజుల్లో ఇంచుమించు రోజూ. తక్కిన రోజుల్లో దొరికినప్పుడు. వానలు పడ్డాక నత్తలు, పీతలు. కాలువ కట్టేసినప్పుడు గుంటల్లో చేప. నేను నోటుబుక్కులో నెలల వారీగా రాసుకున్నాను. పిల్లల సంగతేమిటని అడిగాను.

“పిల్లలూ అదేనండి. వాళ్ళకి మెత్తనివి పెడతాం.”